పొట్టేలు ముడి మీద లక్క సీలు

ఆ ఉదయం దొడ్డిలో ఉన్నవి ఇవి. ఈడుకొచ్చిన ఆడగొర్రెలు నలభై మూడు, ప్రతిదాని మెడలోనూ నంబరు కొట్టిన రేకు బిళ్ళ. కుర్ర పొట్టేళ్ళు ఆరు. వాటికి పది రోజుల కిందటే నేను విత్తులు నొక్కేశాను. కొమ్ములు తిరిగిన ఎర్ర పొట్టేలు ఒకటి. కంపదడి అవతల, విడిగా, రైల్లో వచ్చిన తెల్ల సర్కారు పొట్టేలు ఒకటి. ఎదకొచ్చిన ఆడకుక్క ఒకటి, దాని వెనకాల ఊళ్ళోంచి వచ్చిన మగకుక్కలు ఐదు. మనుషులం నలుగురం: మంద సొంతదారైన పెద్దాయన, ఆయన భార్య అవ్వ, మా ఆసుపత్రి బంట్రోతు, నేను. సామాను: రెండు మడతల గోనెపట్ట ఒకటి, జనపతాళ్ళు నాలుగు, ఆముదంలో కలిపిన జాజు ఎర్రమట్టి ఒక డబ్బా, లక్క కడ్డీ, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, ఆసుపత్రి ఇత్తడి సీలు, పలక, బలపం, నా రిజిస్టరు.

నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మద్రాసులో పశువుల చదువు ముగించి మార్కాపురం పశువుల ఆసుపత్రిలో చేరి ఏడు నెలలైంది. యుద్ధం నడుస్తోంది. గోనెపట్టా దొరకదు, క్వినైనూ దొరకదు. అయినా పై నుంచి ఒక పథకం వచ్చింది. మా వైపు గొర్రెలు పొట్టివి, ఎముకలు సన్ననివి. వాటికి మంచి జాతి పొట్టేలును కలిపి పెద్ద పిల్లలను పుట్టించాలి. అందుకు ఒక మందను ఎంచుకోమన్నారు. గిద్దలూరు దారిలో, నల్లమల అంచున, మార్కాపురానికి పదకొండు మైళ్ళ దూరంలో ఉన్న ఈ పెద్దాయన మందను నేనే ఎంచుకున్నాను. కారణాలు రెండు: మంద ఒకే చోట ఉంటుంది, మనిషి చెప్పిన మాట వింటాడు.

చిక్కు ఎక్కడంటే, గొర్రె ఎదకొచ్చిన సంగతి మనిషికి తెలియదు. ఆవు అరుస్తుంది, పక్క ఆవు మీదికి ఎక్కుతుంది. బర్రె పాలు తగ్గిస్తుంది, తీగ వేస్తుంది. గొర్రె ఏమీ చేయదు. ఒక రోజు, మహా అయితే ఒకటిన్నర రోజు ఎదలో ఉండి, మేస్తూ మేస్తూనే గడిపేస్తుంది. మళ్ళీ పదిహేడు రోజులకు గాని రాదు. దాన్ని కనిపెట్టగలిగింది పొట్టేలు ఒక్కటే. కాని పొట్టేలు కనిపెట్టి ఊరుకోదు. కాబట్టి పొట్టేలు ముక్కు కావాలి, పొట్టేలు విత్తనం వద్దు. పథకమంతా ఇంతే.

పుస్తకంలో దానికి ఒక ఉపాయం ఉంది, బొమ్మతో సహా. పొట్టేలు పొట్ట కింద ఒక పట్ట కడితే అది గొర్రె మీదికి ఎక్కుతుంది గాని కలవలేదు. రొమ్ముకు రంగు పూస్తే, ఎక్కినప్పుడు ఆ రంగు గొర్రె వెనక భాగానికి అంటుతుంది. రంగున్న గొర్రె ఎదలో ఉన్నట్టు. దాన్ని పట్టుకెళ్ళి కంపదడి అవతల సర్కారు పొట్టేలు దగ్గర వదలాలి.

మందలో వేరే మగది ఉంటే ఇదంతా దండగ. అందుకే ముందుగా ఆ ఆరు కుర్ర పొట్టేళ్ళ పని ముగించాను. కొత్తగా వచ్చిన ఇనుప పటకారుతో ఒక్కొక్కదానికి రెండు నొక్కులు, మొత్తం పన్నెండు. పెద్దాయనే వాటి కాళ్ళు పట్టుకున్నాడు. ఆరోదాన్ని పట్టుకున్నప్పుడు మాత్రం, "ఒకదాన్ని ఉండనీ సామీ, రేపొద్దున అవసరపడితే" అన్నాడు. ఉంచితే పథకం చెడుతుందన్నాను. పట్టుకున్నాడు.

ఇక ఆయనకు మిగిలింది ఎర్ర పొట్టేలు ఒక్కటే. దాని తల్లి ఈనగానే చచ్చిపోతే, అవ్వ మేకపాలు వెదురుగొట్టంతో తాగించి పెంచిందట. నాలుగేళ్ళ పొట్టేలు అయినా అవ్వ ఎటుపోతే అటు పోయి తుంటికి తల రుద్దేది. పట్ట కట్టడానికి అవ్వ పిలిస్తేనే వచ్చింది. బంట్రోతు కొమ్ములు పట్టుకున్నాడు. నేను గోనెపట్టను పొట్ట కిందికి బిగించి, నాలుగు తాళ్ళూ వీపు మీదికి తెచ్చి ముడి వేసి, రొమ్ముకు జాజు పూశాను.

"రోజుకెన్నిసార్లు ఇప్పాల సామీ?" అన్నాడు పెద్దాయన.

"విప్పకూడదు."

"మరి ఉచ్చ పోసుకోవద్దా?"

"గోనెలోంచి కారిపోతుంది."

అవ్వ నవ్వింది. "నీకు కడితే తెలుస్తది నాయనా, ఎట్ల కారిపోతదో."

బంట్రోతు గట్టిగా నవ్వబోయి, నా మొహం చూసి దగ్గాడు.

"మేం కూడా కడతాం సామీ," అన్నాడు పెద్దాయన నెమ్మదిగా. "పిల్లలు వద్దనుకున్న నెలల్లో దారంతో కడతాం. అయితే పొద్దుగూకేలోపల ఇప్పుతాం. చేత్తో తడిమి సూసి, ఆముదం రాసి, గాలి తగలనిచ్చి, మళ్ళ తెల్లారి కడతాం. మా నాయన అట్లనే చేసినాడు. ఇప్పకుంటే పాడయితది."

"నువ్వు విప్పినప్పుడు అది ఒక్క గొర్రెను దాటినా నా లెక్క పాడవుతుంది."

"దాటదు. కొమ్ములు పట్టుకోనే ఉంటా."

"పట్టుకున్నావని నేనెట్లా నమ్మాలి?"

ఆయన అవ్వ వైపు చూశాడు. అవ్వ కుక్క వైపు చేయి చూపించింది. "ఇదిగో, ఇది ఎదకొచ్చిందని ఊర్లో కుక్కలన్నిటికీ తెలిసింది. ఏ పుస్తకమూ సదవలే. దీన్ని రాసుకున్నావా నీ బుక్కులో?"

రాసుకోలేదు. కొవ్వొత్తి వెలిగించమని బంట్రోతుకు చెప్పాను. ముడి మీద లక్క కరిగించి పోసి, అది చల్లారకముందే ఆసుపత్రి సీలు అదిమాను. పుస్తకంలో సీలు లేదు. అది నా సొంత ఆలోచన, అప్పుడు నాకు చాలా నచ్చింది. రెండు చుక్కలు జారి పొట్టేలు డొక్క మీద పడ్డాయి. అది ఒక్కసారి ఎగిరింది, అంతే. సీలు మీద కిరీటం చక్కగా దిగింది.

"ఇది సర్కారు ముద్ర," అన్నాను. "నేను నాలుగు రోజులకొకసారి వచ్చి స్వయంగా తీస్తాను, చూస్తాను, మళ్ళీ వేస్తాను. మధ్యలో ఇది పగిలితే నువ్వే జవాబుదారీ."

"అట్లనే సామీ."

"ఊపిరి ఆడనిస్తదా, దానిక్కూడా నీ సెలవు కావాల్నా?" అంది అవ్వ.

తరవాత పలక సంగతి. మార్కాపురంలో పలకలకు కొదవ లేదు. గని దగ్గర అంచు విరిగినది ఒకటి ఊరికే ఇచ్చారు. రంగు పడిన గొర్రె కనపడగానే మెడలోని బిళ్ళ మీద అంకె చూసి, అట్లాగే పలక మీద దించమని చెప్పాను. పెద్దాయనకు బలపం పట్టుకోవడం కుదరలేదు. అవ్వ పట్టింది. ఆమెకు అంకెలు తెలియవు, బొమ్మ వేసినట్టు వేసేది. ఎనిమిదిని కింద నుంచి మొదలుపెట్టి ముగ్గు మెలిక తిప్పినట్టు తిప్పేది. గొర్రెల పేర్లు మాత్రం ఆమెవి ఆమెకున్నాయి. నేను పందొమ్మిదో గొర్రె అంటే, "అది పందొమ్మిదెప్పుడయింది? అది బొల్లిమూతిది" అనేది.

నాలుగు రోజులకు వెళ్ళాను. పలక మీద పది అంకెలున్నాయి. పది గొర్రెలకూ వెనక జాజు ఎర్రగా ఉంది. సీలు సరిగా ఉంది. పగలగొట్టి పట్ట విప్పి చూశాను. రిజిస్టరులో "చర్మం మామూలు" అని రాశాను. తొమ్మిదో రోజు "స్వల్ప ఎరుపు". పదమూడో రోజు "ఎరుపు, కొద్దిగా చెమ్మ". ఆ రోజుకు వానలు పడుతున్నాయి, గోనె తడిసి బరువుగా ఉంది. ఎండలో ఆరబెట్టాలని అవ్వ అంది. ఎండ లేదు. వేరే గోనె లేదు. పిండి మళ్ళీ కట్టాను. పొట్టేలు వెనక కాళ్ళు కొంచెం ఎడంగా పెట్టి నిలబడటం చూశాను. అది రాయడానికి రిజిస్టరులో గడి లేదు.

ఆ రోజుకు రంగు పడినవి ముప్పై. ముప్పైనీ సర్కారు పొట్టేలు దాటింది. నేను సంతోషంగానే సైకిలెక్కాను. పుస్తకంలోని బొమ్మ చలిదేశపు పొట్టేలుదని, దానికి కట్టింది కాన్వాసని, అక్కడ ఈ కాలంలో ఈగలుండవని నాకు అప్పుడు తోచలేదు.

పదిహేనో రోజు గిద్దలూరులో రెండు రోజుల పని మీద రైలెక్కాను. రెండో రోజు సాయంత్రం చలిజ్వరం పట్టింది. కొండ కింద జ్వరం, అందరికీ తెలిసినదే. తెలిసిన వాళ్ళింట్లో మంచం మీద పడ్డాను. ఒక రోజు వణుకు, ఒక రోజు చెమట. పద్దెనిమిదో రోజున, చెమట పట్టి తెలివిగా ఉన్న పూట, పొట్టేలు గుర్తొచ్చింది. బంట్రోతును పంపి సీలు తీయించి చూడమందామా అనుకున్నాను. బంట్రోతు గొర్రెల లెక్క తప్పు రాస్తాడని మానేశాను. కార్డు తెప్పించి ఆసుపత్రికి ఈ మాటలు రాశాను: "నేను వచ్చువరకు పొట్టేలు ముడి మీద సీలు ఎవరూ ముట్టరాదు. ముట్టినచో బాధ్యులపై చర్య తీసుకొనబడును." కింద సంతకం పెట్టి, తేదీ వేసి, అండర్లైన్ గీశాను. గీత వంకరగా పోతే దాని మీదే మళ్ళీ గీశాను.

తరవాత జరిగింది బంట్రోతు నాకు చెప్పాడు. మొదట నవ్వుతూ మొదలుపెట్టి, మధ్యలో నవ్వు మానేశాడు.

ఇరవై ఒకటో రోజు పెద్దాయన పదకొండు మైళ్ళూ నడిచి ఆసుపత్రికి వచ్చాడు.

"సామి లేడా?"

"గిద్దలూర్లో పడుకున్నాడు. ఏంది కథ?"

"పొట్టేలు వాసనొస్తుంది."

"పొట్టేలు పొట్టేలు వాసన రాక మల్లెపూల వాసనొస్తదా పెద్దాయనా?"

"కుళ్ళు వాసన నాయనా. ఈగలు దిగినాయి. పట్ట లోపల ఏందో మెదులుతుంది. మేత మానేసింది. సీతాఫలం ఆకు నూరి పెట్టుకున్నా, ముడి ఇప్పితే రసం పిండుతా, పురుగు రాలిపోతది. ఇప్పమని నువ్వొక్క మాట సెప్పు సాలు."

బంట్రోతు కార్డు తీసి చదివి వినిపించాడు.

"మళ్ళొకసారి సదువు."

మళ్ళీ చదివాడు.

"చర్య అంటే ఏంది?"

"చర్య అంటే కర్నూలు జైలు. నీకు కొత్త గోచీ, మీ ఆవిడకు ఆ పలక."

"నవ్వులాటకన్నాను సార్," అన్నాడు బంట్రోతు నాతో. "ఆయనకూ నవ్వులాటని తెలుసనుకున్నాను. కుండలో నీళ్ళు తాగి, కార్డు ఒకసారి చేతికిమ్మని అడిగి, అటూ ఇటూ తిప్పి చూసి, ఇచ్చేసి పోయినాడు. నేను పోయి సూడొచ్చు సార్. వాన పడుతుంటే, రేపు పోదాంలే అనుకున్నా."

ఇరవై ఏడో రోజు నేను రైలు దిగాను. ఒళ్ళు ఇంకా తూలుతూనే ఉంది. సైకిలు మీద సగం దూరం, తోసుకుంటూ సగం దూరం వెళ్ళాను. దొడ్డి ఇంకా కనపడకముందే వాసన తగిలింది.

అవ్వ లేవలేదు. పందిరి కింద పొట్టేలు తల ఒడిలో పెట్టుకుని కూర్చుంది. పెద్దాయన మాత్రం ఎదురు పరుగెత్తుకొచ్చాడు. నా చేతిలోని సైకిలు పట్టుకుని గోడకు ఆనించి, నన్ను ముందుకు నడిపించాడు.

"సీలు సూడు సామీ. గోరంత పగల్లే. సూడు. పొద్దున ఒకసారి, మాపటేళ ఒకసారి సూసుకుంటానే ఉన్నా. కాకి తన్నుతాదని పైన ఆకు కప్పినా."

పొట్టేలు పక్కకు ఒరిగి పడి ఉంది. వీపు మీద ముడి, ముడి మీద లక్క, లక్క మీద కిరీటం. అంచులు కూడా చెక్కుచెదరలేదు. నేను ముందు చూసింది దాన్నే. తరవాతే గోనె వైపు చూశాను. గోనె పచ్చగా ఉంది. సీలు తీయకూడదు కాబట్టి, నూరిన సీతాఫలం రసాన్ని ఆరు రోజులుగా గోనె పైనుంచే పోస్తున్నాడు.

"లోపలికి దిగిందా సామీ?" అన్నాడు.

సీలు పగలగొట్టి ముడి కోశాను. పట్ట లాగితే రాలేదు. పొట్ట చర్మానికి అతుక్కుపోయింది. నీళ్ళు పోసి, నానబెట్టి, కొంచెం కొంచెంగా లాగితే చర్మంతో సహా వచ్చింది. కింద పొట్టేలుకు పొట్టేలుతనం అన్నది మిగల్లేదు. అక్కడ ఉన్నది ఒక గుంట, ఆ గుంట నిండా పురుగు. చిన్న పటకారుతో తీయడం మొదలుపెట్టాను. నూట అరవై వరకు లెక్కపెట్టి ఆపేశాను. టర్పెంటైను పోశాను. పొట్టేలు అరవలేదు. చెవి ఒక్కటి కదిలించింది. అవ్వ ఆ చెవి పట్టుకుంది.

"బతుకుతాదా?" అన్నాడు పెద్దాయన.

"బతకొచ్చు."

"పనికొస్తాదా?"

"రాదు."

ఆయన తల ఊపాడు. కంపదడి పక్కన మేస్తున్న ఆరింటి వైపు చూశాడు. "ఆ ఆరింట్లో ఒక్కటన్నా, సరిగ్గా నొక్కుపడకుండా..."

"ఆరూ సరిగ్గానే పడ్డాయి," అన్నాను. నిజమే. వెళ్ళి ఆరింటినీ తడిమి చూశాను. పని బాగా చేశాను.

అప్పుడు అవ్వ పలక నా ముందుకు తోసింది. రెండు వైపులా నిండిపోయి ఉంది.

"ఇవి సూడు. ఈ బొమ్మ ముందే ఏసినా. ఇదీ ఏసినా. బొల్లిమూతిది మళ్ళొచ్చింది. సెవికొట్టుది మళ్ళొచ్చింది. ఎర్రపొట్టేలు లేవలేక లేవలేక లేసి మళ్ళ వాటినే ఎక్కింది. నీ తెల్లపొట్టేలు ఏం సేసినట్టు? ఊరికే కొలిసినాదా?"

రిజిస్టరు పక్కన పెట్టుకుని పోల్చాను. పదిహేడో రోజుకు మొత్తం నలభై ఒకటి రంగు పడ్డాయి. మొదటి ఆరు రోజుల్లో పడినవి పదిహేను. ఆ పదిహేనులో పద్నాలుగు, పదిహేడేసి రోజులకు తిరిగి ఎదకొచ్చాయి. అంటే అవి చూలు కట్టలేదు. పదిహేనులో నిలిచింది ఒకటి. ఇరవై మూడో రోజు తరవాత పలక మీద కొత్త అంకెలు లేవు. పొట్టేలు ఆ రోజు పడిపోయింది.

సర్కారు పొట్టేలు నడివేసవిలో రేకు పెట్టెలో మూడు రోజులు రైలు ప్రయాణం చేసి వచ్చింది. ఎండదెబ్బ తిన్న పొట్టేలుకు దాటే కోరిక ఉంటుంది గాని విత్తనం చచ్చిపోతుందని, తేరుకోవడానికి రెండు నెలలు పడుతుందని పుస్తకంలో ఉంది. ఆ పేజీ చదివే పరీక్ష రాశాను. పద్దెనిమిదో రోజున పలక చూసి ఉంటే ఆ సంగతి నాకు తెలిసేది. అప్పటికి ఎర్ర పొట్టేలు నిలబడే ఉంది. పట్ట విప్పేసి, వారం ఆరనిస్తే, మిగిలిన ఎద దానికి సరిపోయేది. అవ్వకు పద్దెనిమిదో రోజునే తెలుసు. ఎవరికి చెప్పాలో తెలియలేదు.

పొట్టేలు మూడో రోజు తెల్లవారి చచ్చిపోయింది. నేను వెళ్ళేసరికి గొయ్యి తీసి ఉంది. తోలు తీయలేదు. అవ్వ కొంగుముడి విప్పి, లక్క ముక్కలు నా అరచేతిలో పోసింది. పగలగొట్టినప్పుడు కింద పడినవన్నీ ఏరి పెట్టుకుంది.

"సర్కారు సొత్తు గదా నాయనా. తక్కువైతే మమ్మల్ననగలవు. ఎంచుకో."

తొమ్మిది ముక్కలు. జేబులో వేసుకున్నాను.

ఇక మందకు పొట్టేలు కావాలి. ఇంకొకటి పంపమని పైకి రాశాను. పక్క ఊళ్ళో పెద్దాయన వరసకు బావమరిది ఒకాయనకు మూడు పొట్టేళ్ళున్నాయి. నేనే వెంట వెళ్ళి అడిగాను. ఆయన వచ్చి దొడ్డి చూశాడు, గొర్రెల మెడలో బిళ్ళలు చూశాడు, గొయ్యి చూశాడు.

"బావా, నువ్వడిగితే ప్రాణమిస్తా," అన్నాడు పెద్దాయనతో. "కాని సర్కారు బిళ్ళ ఏసిన మందలోకి నా పొట్టేల్ని పంపను. ఇయ్యాల నీదానికి ముద్ర కొట్టినారు. రేపు నాదానికి కొడతారు. ఎల్లుండి నాకు కొడితే మీ చెల్లెలు ఊరుకోదు."

అక్కడున్నవాళ్ళు నవ్వారు. పెద్దాయన కూడా నవ్వినట్టే చేశాడు. బిళ్ళలన్నీ తీసేస్తానని నేను చెప్పాను. తీసినా లెక్క పుస్తకంలో ఉంటుంది కదా అన్నాడాయన. ఉంటుందన్నాను. వెళ్ళిపోయాడు. మిగతా మందలు అప్పటికే అడవి మేతకు కొండెక్కాయి.

ఆ వానాకాలం నేను మరో నాలుగుసార్లు అక్కడికి వెళ్ళాను. రెండు నెలలు దాటినా తెల్ల పొట్టేలు తేరుకోలేదు. ఎదకొచ్చిన గొర్రెలు ఆ ఆరింటి చుట్టూ తిరిగేవి. అవి వాసన చూసి, పై పెదవి ముడిచి, తల పైకెత్తి, మళ్ళీ మేతకు పోయేవి. పలక అక్కర్లేదని చెప్పినా అవ్వ వేస్తూనే ఉంది. జాజు రంగు లేకుండా, ఏది ఏ రోజు ఎదకొచ్చిందో ఆ ఆరింటి ముక్కులను బట్టి వేసేది. నేను సరిచూశాను. పదిహేడు రోజుల లెక్క ప్రకారం ఒక్కటి కూడా తప్పు లేదు. పొట్ట కింద పట్ట, సీలు, జాజు ఏవీ లేకుండానే ఆ పని జరిగేదన్నమాట. ఆ మాట ఆమెతో అన్నాను.

"నీకిప్పుడు తెలిసిందా?" అంది. తల ఎత్తలేదు.

ఇంకో పొట్టేలు సంగతి పై నుంచి జవాబు కార్తీకంలో వచ్చింది, యుద్ధం వల్ల వీలుపడదని. నా నివేదికకు జవాబు అంతకంటే ముందే వచ్చింది. నేను ఉన్నదున్నట్టే రాశాను. పొట్టేలు చచ్చిపోయిందనీ, ఎందుకు చచ్చిపోయిందో కూడా రాశాను. వాళ్ళు పథకం శీర్షిక మాత్రమే చూశారు. అది ఎద గుర్తింపు పథకం. నలభై మూడింట్లో నలభై ఒకటి గుర్తింపబడినవి, ఫలితం సంతృప్తికరం, సీలు వాడిన పద్ధతి ఇతర తాలూకాలకు పరిశీలింపదగినది అని ఉంది. బంట్రోతు దాన్ని చదివి, "ఇంకెన్ని పొట్టేళ్ళు సార్?" అన్నాడు. ఆ జవాబు ఫైలులో పెట్టాను.

గొర్రె అయిదు నెలలు మోస్తుంది. మార్గశిరంలో ఈతల లెక్కకు వెళ్ళాను. లెక్క రాయకపోతే ఫైలు మూయరు. పెద్దాయన దొడ్డి ముందు కూర్చుని తాడు పేనుతున్నాడు. ఆరింటినీ అమ్మేశారు. కుక్క ఎప్పుడో ఈనింది, దాని చుట్టూ ఎదిగిన కూనలు నాలుగు, నాలుగు రంగులవి. మామూలుగా ఆ నెలలో దొడ్డి నిండా పిల్లల అరుపే ఉంటుంది, మాట వినపడదు. ఆ రోజు ఆయన తాడు పేనే చప్పుడు నాకు వినపడింది.

"మంద తోలుకుని కనిగిరి దిక్కుకు పోతున్నాం సామీ," అన్నాడు. "అక్కడ మా ఆమె పుట్టింటోళ్ళకు పొట్టేళ్ళుండాయి. ఉన్నదాంట్లో సగం ఇస్తే మందలో కలుపుకుంటామన్నారు."

"సగమా?"

"సగం." ఆయన తాడు పక్కన పెట్టి లేచాడు. "బిళ్ళలు తీసుకోనుపో సామీ. అవి అట్లనే ఉంటే అక్కడ కూడా రానీరు."

బిళ్ళలు తీశాను. నలభై మూడూ ఉన్నాయి. అవ్వ లోపల్నుంచి పలక తెచ్చి గడప మీద పెట్టి, మళ్ళీ లోపలికి పోయింది. ఆమె వేసిన చివరి బొమ్మలు పలక మీద అట్లాగే ఉన్నాయి. ఆమె ఎనిమిది అప్పటికీ కింద నుంచే మొదలయింది.

"ఎంచుకో సామీ," అన్నాడు పెద్దాయన, దడి కంప పక్కకు లాగి.

లోపలికి వెళ్ళి ఎంచాను. ఒకసారి ఎంచి, ఎప్పుడూ చేసినట్టే రెండోసారి ఎంచాను. రిజిస్టరు తెరిచి చివరి గడి నింపాను.

ఆడగొర్రెలు నలభై మూడు. గుర్తు పడినవి నలభై ఒకటి. పిల్లలు మూడు.